నర్సుల డ్యూటీ మార్పుకి యాప్ చేస్తున్నారా? ముందు మా జేబులో చీటీ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. భీమవరం దగ్గర 60 పడకల ప్రైవేట్ ఆస్పత్రికి నర్సుల డ్యూటీ మార్పు కోసం ట్యాబ్ యాప్ చేశారు, ఎస్‌బార్ పద్ధతిలో (సిట్యుయేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమెండేషన్, అంటే ఇప్పుడేంటి, ముందేం జరిగింది, మనకేమనిపిస్తోంది, ఏం చెయ్యాలి) నాలుగు భాగాల ఫారం పెట్టారు, ట్రైనింగ్ కూడా ఇచ్చారు. మూడు వారాలు తిరిగేసరికి సిస్టర్లు ప్రతి పేషెంటుకీ "స్టేబుల్" అని కొట్టేసి అసలు ఓవర్ (దిగే సిస్టరు ఎక్కే సిస్టరుకి పేషెంట్ల సంగతి అప్పజెప్పడం) మాత్రం పాత పద్ధతిలోనే నోటితో ఇచ్చుకుంటున్నారు. వాళ్ళకి కంప్యూటర్ అంటే భయమా, బద్ధకమా, ఫారంలో ఇంకేం బాక్సులు పెట్టాలి, ట్యాబ్ తీసేసి ఫోన్లోకి మార్చాలా అని అడిగారు.

భయమూ కాదు బద్ధకమూ కాదండి. అదే సిస్టర్లు అదే చేత్తో ఫోన్‌పే కొడతారు, ఇంట్లో పిల్లాడి ఫీజు కడతారు, ఊళ్ళో చీటీపాట లెక్కలు వాట్సాప్‌లో రాస్తారు. మీ ఫారం వాళ్ళకి పని తగ్గించలేదు, ఇంకో పని పెట్టింది, అంతే.

సూటిగా చెప్పాలంటే, ఫారంలో బాక్సులు పెంచొద్దు, ఉన్నవే తీసెయ్యండి. బీపీలు, మందులు, ల్యాబ్ రిపోర్టులు లాంటివి ఒకసారి ఎక్కడో ఎక్కించాక మళ్ళీ అడక్కుండా యాప్ తనంతట తను తెచ్చుకోవాలి. సిస్టర్ దగ్గర అడగాల్సినవి మూడే: ఈ డ్యూటీలో ఏం మారింది, ఏం పెండింగ్ ఉంది అది ఎన్నింటికి, రాత్రికి దేని మీద కన్నేసి ఉంచాలి. మాట్లాడుకోవడం అలాగే ఉండాలి, మంచం పక్కన నిలబడి. మీ యాప్ ఆ మాటకి ఆసరా అవ్వాలి, మాటకి బదులు అవ్వకూడదు. ఇదంతా ఒక కాగితం మీద ప్రింటొచ్చేలా చెయ్యండి, ఎందుకో కింద చెప్తా.

నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి 27 ఏళ్ళు, అన్నీ వార్డుల్లోనే. ముందు గవర్నమెంటులో కాంట్రాక్ట్ మీద, తర్వాత కోనసీమలోనూ రాజమండ్రిలోనూ ప్రైవేట్ ఆస్పత్రుల్లో. ఇన్‌చార్జ్ సిస్టర్‌గా ఉండగా రెండుసార్లు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళతో కూర్చున్నాను. మొదటిది మూలపడింది, రెండోది ఇప్పటికీ నడుస్తోంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉంటేనే చదవండి.

ముందు సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు వార్డు ఎలా ఉంటుందో చెప్పాలి. మా దగ్గర పొద్దున్న 8 నుంచి 2, 2 నుంచి 8, రాత్రి 8 నుంచి పొద్దున్న 8. మీ దగ్గరా అదే అయ్యుంటుంది. రాత్రి ఏడుంపావు నుంచే సాయంత్రం సిస్టరు మనసు సగం బస్సులో ఉంటుంది. అది తప్పని నేను అనను, ఆ అమ్మాయి రావులపాలెం వెళ్ళే బస్సెక్కాలి, ఇంకో అమ్మాయి సఖినేటిపల్లి రేవులో పంటు (గోదారి దాటించే పడవ) ఎక్కి నర్సాపురం వెళ్ళాలి, చివరి పంటు పోతే ఆ రాత్రికి హాస్టల్లోనే. ఎక్కాల్సిన సిస్టరు బస్సు లేటయ్యి ఉరుకులు పరుగుల మీద వస్తుంది. అదే టైముకి విజిటర్లు కేరేజీలతో దిగుతారు, డ్యూటీ డాక్టరు గారు రౌండ్స్ మొదలెడతారు, ఎవరో ఒకరి సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంది. ఈ గోలలో 22 మంది పేషెంట్ల సంగతి పావుగంటలో చేతులు మారాలి. మీరు ఏసీ గదిలో కూర్చుని ట్రై చేస్తే ఒక పేషెంటుకి మీ ఫారం నింపడానికి మూడు నిమిషాలు పట్టిందనుకోండి, 22 మందికి ఎంతో మీరే లెక్కేసుకోండి.

మరి ఇన్నాళ్ళూ ఎలా నడిచింది? జేబులో చీటీతో. ప్రతి సిస్టరు ఏప్రాన్ జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంటుంది, పాత ఇండెంట్ కాగితం (స్టోర్స్ నుంచి సామాన్లు అడిగే ఫారం) వెనకవైపో మందుల కంపెనీ వాళ్ళిచ్చిన ప్యాడ్ చింపిందో. దాంట్లో మంచం నంబరు, పక్కన రెండు ముక్కలు, చుట్టూ గుండ్రాలు, అయిపోయినవి కొట్టివేతలు. డ్యూటీ అయ్యాక చెత్తబుట్టలోకి పోతుంది. కేస్ షీట్ ఆస్పత్రి కోసం, రిపోర్ట్ బుక్కు మేట్రన్ (నర్సులందరి పైఅధికారి) కోసం, ఆ చీటీ ఒక్కటే సిస్టరు కోసం. వారం రోజుల పాటు ఆ చీటీలు పారెయ్యకుండా తీసుకోండి, పేర్లు కొట్టేసి ఇమ్మనండి. ఒక్కో చీటీ మీ యాప్‌కి స్క్రీన్ డిజైన్ లాంటిదే. అందరి చీటీల్లోనూ టైము ఉంటుంది, గుండ్రం చుట్టి ఉంటుంది. "సిట్యుయేషన్, బ్యాక్‌గ్రౌండ్" అని హెడ్డింగులు పెట్టిన చీటీ నేనైతే ఒక్కటి కూడా చూడలేదు.

ఎస్‌బార్ చెడ్డదని కాదండోయ్. అది అమెరికా నేవీ సబ్‌మెరైన్ల నుంచి వచ్చిన పద్ధతి, ఆస్పత్రుల్లోకి కైజర్ పర్మనెంటే అనే అమెరికా ఆస్పత్రుల సంస్థ వాళ్ళు తెచ్చారు. అర్ధరాత్రి డాక్టరు గారిని లేపి ఒక పేషెంటు గురించి గబగబా చెప్పాలంటే దానికి మించింది లేదు, మా పిల్లలకి నేనే నేర్పిస్తా. కానీ అది ఒక మనిషి గురించి ఒక ఫోన్ కాల్‌కి పనికొచ్చే వరస. 22 మందినీ, అందులో 14 మంది ఏ గొడవా లేకుండా పడుకున్నవాళ్ళని, నాలుగేసి ముక్కలుగా కొయ్యమంటే సిస్టరు "స్టేబుల్" అనక ఏమంటుంది? డ్యూటీ మార్పుకే కట్టిన పద్ధతి ఐ-పాస్. ఎంత సీరియస్, క్లుప్తంగా కథ, చెయ్యాల్సిన పనులు, ఏమైతే ఏం చెయ్యాలి, చివర్లో తీసుకునేవాళ్ళు తిరిగి అప్పజెప్పడం. 2014లో అమెరికా, కెనడాల్లో తొమ్మిది పిల్లల ఆస్పత్రుల ఫలితాలు వచ్చాయి, తప్పులు 23 శాతం తగ్గాయని. కాకపోతే అది రెసిడెంట్ డాక్టర్ల (ఇంకా ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్ల) మీద చేసింది, ట్రైనింగూ గమనింపూ అన్నీ కలిపి చేసింది, ఫారం ఒక్కదాని మహిమ కాదు. నాకు అందులో నచ్చింది ఆ చివరి ముక్క, తిరిగి అప్పజెప్పడం. దాన్ని మీ యాప్‌లో ఎలా పెట్టాలో చెప్తా.

ఇప్పుడు మా మొదటి సాఫ్ట్‌వేర్ సంగతి. అందులో 40 పైచిలుకు బాక్సులు, అన్నీ టిక్కులూ డ్రాప్‌డౌన్లూ. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. ఒక రోజు లంక ఊరి నుంచి ఎనిమిదో నెల గర్భిణిని ఫిట్స్‌తో తెచ్చారు. అలాంటి కేసులో మెగ్‌సల్ఫ్ (ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్) పెడతాం కదా, మొదట 4 గ్రాములు నరానికి మెల్లగా, రెండు పిరుదులకీ 5 గ్రాములు చొప్పున కండకి, ఆ తర్వాత 4 గంటలకోసారి 5 గ్రాములు, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. ప్రతి డోసుకి ముందు మోకాలి జెర్క్ (మోకాలి కింద తడితే కాలు తన్నడం) ఉందా, ఊపిరి నిమిషానికి 16 కన్నా తగ్గలేదు కదా, యూరిన్ గంటకి 30 ఎంఎల్ అయినా వస్తోందా చూసుకోవాలి. ఇవి సరిగ్గా లేకపోతే డోసు ఆపాలి, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ మంచం దగ్గరే ఉంచుకోవాలి.

సాయంత్రం 6 డోసు ఒక సిస్టరు ఇచ్చింది, 8కి దిగిపోయింది. రాత్రి సిస్టరు 10 డోసు ఇవ్వాలి. స్క్రీన్ మీద "మెగ్‌సల్ఫ్, ఇచ్చారు, 6.00" అని పచ్చ టిక్కు. ఏ పక్క ఇచ్చారో లేదు, ఆ బాక్సే లేదు. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి పంటు మీద గోదారి మధ్యలో ఉంది, సిగ్నల్ లేదు. పేషెంటు మత్తులో ఉంది. చివరికి పక్కన కూర్చున్న ముసలమ్మ గారు "ఇదిగోనమ్మా, ఈ పక్క పొడిసేరు, ఇందాక దూది కూడా నేనే పట్టుకున్నా" అని చూపించింది. అన్ని లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్లో లేని ముక్క ఆ మామ్మ దగ్గర ఉంది.

ఇంకోటి దానికన్నా పెద్దది. మోకాలి జెర్క్‌కి "ఉంది, లేదు" అని రెండే బటన్లు. సాయంత్రం సిస్టరు "ఉంది" కొట్టింది, అబద్ధం కాదు. కానీ 10 దాటాక ఇంటికి చేరి తనే తిరిగి ఫోన్ చేసి ఏమందంటే, "ఉందక్కా, గానీ మధ్యాహ్నం రెండింటికి తన్నినట్టు తన్నలేదు, కొంచెం బద్ధకంగా ఉంది." ఈ మాట వినగానే రాత్రి సిస్టరు డోసు పక్కన పెట్టి డాక్టరు గారిని లేపింది, యూరిన్ బ్యాగు చూస్తే అదీ తగ్గుతోంది. ఏమీ కాలేదు, తల్లీ బిడ్డా క్షేమంగా వెళ్ళారు. కానీ అది ఆ ఫోను పుణ్యం. ఓవర్‌లో అసలు విలువైనది ఇదేనండి, "ఉంది, కానీ". ఒకే మనిషిని ఆరు గంటలు చూసినవాళ్ళకే ఆ "కానీ" తెలుస్తుంది, ఏ డ్రాప్‌డౌన్లోనూ ఇమడదు. అందుకని ప్రతి పేషెంటుకీ ఒక ఖాళీ గీత ఇవ్వండి, తెలుగులో మాట్లాడితే రికార్డయ్యే బటన్ ఇవ్వండి. "మొహం వాడిపోయింది", "ఊరికే గాబరా పడతన్నాడు", "అన్నం ముట్టలేదు" ఇలాంటివి వస్తాయి, వాటిని కోడ్లలోకి మార్చాలని మాత్రం చూడొద్దు.

పెండింగ్ పనుల గురించి. మీ యాప్‌లో ఒక్కటే బాగా చెయ్యగలం అంటే ఇదే చెయ్యండి. మా ఆయమ్మ వీటిని "బాకీలు" అంటుంది, నాకు ఆ మాటే బాగా నచ్చింది, బాకీ అన్నాక ఒకడు ఉండాలి కదా తీర్చడానికి.

మా డెల్టాలో నాట్లప్పుడూ కోతలప్పుడూ పాము కాటు కేసులు వరస పెడతాయి. రక్తపింజరి కరిచిందేమో అని అనుమానం వస్తే 20 నిమిషాల రక్తం టెస్టు పెడతాం. పొడి గాజు ట్యూబ్‌లో రెండు ఎంఎల్ రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి ఒంచి చూస్తాం, గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు, యాంటీ వీనమ్ (పాము విషానికి విరుగుడు) మొదలెట్టాలి. ఆ తర్వాత ఆరు గంటలకోసారి మళ్ళీ చూడాలి. ప్లాస్టిక్ ట్యూబ్ అయితే లెక్క తప్పుతుంది, కదిపినా తప్పుతుంది. ఇప్పుడు 7.50కి ట్యూబ్ పెట్టారనుకోండి, చూడాల్సింది 8.10కి. పెట్టినవాళ్ళు 8కి వెళ్ళిపోయారు, చూడాల్సినవాళ్ళకి అది ఎప్పుడు పెట్టారో తెలీదు. మా దగ్గర నిజంగా ఇదే జరిగింది, కిటికీ గట్టు మీద ట్యూబ్ ఉంది, ఎవరిదో తెలుసు, ఎప్పటిదో తెలీదు. మళ్ళీ రక్తం తీసి మళ్ళీ 20 నిమిషాలు ఆగాల్సొచ్చింది, బయట వాళ్ళ నాన్న గారు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు.

రెండో సాఫ్ట్‌వేర్లో మేం ఏం చేశామంటే, పెండింగ్ అనేది ఒక చిన్న చీటీ. పని, టైము, ఎవరి పేరు మీద ఉంది, మూడే. సాయంత్రం సిస్టరు పేరు మీద ఉన్న చీటీ రాత్రి సిస్టరు తన పిన్ కొట్టి "నాది" అనేదాకా సాయంత్రం సిస్టరు పేరు మీదే ఉంటుంది, లాగౌట్ అయినా సరే. ఒకేసారి అన్నీ తీసుకునే బటన్ పెట్టలేదు, ఒక్కోటి చదివి ఒక్కోటి తీసుకోవాలి. మొదట్లో విసుక్కున్నారు, "ఇన్నిసార్లు నొక్కాలా అక్కా" అని. కానీ ఒక్కోటి నొక్కేటప్పుడే "ఇదేంటి, 12కి పొటాషియం రిపోర్ట్ అంటున్నావు, శాంపిల్ వెళ్ళిందా?" అని అడగడం మొదలైంది. ఆ అడగడమే నాకు కావాల్సింది. ఇచ్చేవాళ్ళు చెప్పడంతో ఓవర్ అవ్వదు, తీసుకునేవాళ్ళు అడిగితేనే అవుతుంది. ఒక చీటీ ఎవరూ తీసుకోకుండా టైము దాటితే స్క్రీన్ మీద ఎర్రగా మారి పైకి వస్తుంది. కుయ్‌కుయ్ మని సౌండ్ మాత్రం పెట్టొద్దు దయచేసి, వార్డులో ఆల్రెడీ మానిటర్లు మొత్తుకుంటూనే ఉంటాయి, ఇంకో కూత వస్తే ముందు దాన్నే నొక్కేస్తారు.

డాక్టరు గారు ఫోన్లో చెప్పిన ఆర్డర్లు కూడా ఈ చీటీల్లోకే రావాలి. ఎవరు చెప్పారు, ఎన్నింటికి, తిరిగి చదివి వినిపించారా. కేస్ షీట్లో సంతకం పడేదాకా చీటీ పోకూడదు. చేతులు మారేటప్పుడు ఎక్కువ జారిపోయేది ఈ నోటి ఆర్డర్లే.

ఇక "నిన్నటిది కాపీ" బటన్ గురించి. మీ ఫారంలో ఉందో లేదో మీరు చెప్పలేదు, ఉంటే ఈ రోజే తీసెయ్యండి. మా మొదటి దాంట్లో ఉండేది, అందరికీ అదే ఇష్టం. ఒక ముసలాయనకి మంగళవారం యూరిన్ పైపు తీసేశారు, స్క్రీన్ మీద శుక్రవారం దాకా "ఫోలీ (అదే ఆ పైపు) ఉంది" అని నడిచింది, ఎందుకంటే కాపీ మీద కాపీ. ఎవరూ అబద్ధం రాయలేదు, ఎవరూ చూడలేదు అంతే. ఇప్పుడు మా దాంట్లో ఒంటి మీద పెట్టినవి ఏవైనా సరే, కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం), పైపు, డ్రైన్, ముక్కులో ట్యూబు, ప్రతి డ్యూటీకీ బూడిద రంగులోకి పోతాయి. మంచం దగ్గరికెళ్ళి దుప్పటి తీసి ఇద్దరూ చూసి నొక్కితేనే మళ్ళీ నల్లగా వస్తాయి. పక్కన ఎన్నో రోజో కూడా పడుతుంది. కాన్యులా వాచిందా లేదా కూడా అప్పుడే తెలిసిపోతుంది.

కాగితం మాటకొస్తా. ఇంగ్లాండ్‌లో చేసిన ఒక ప్రయోగం 2007లో అచ్చయ్యింది, ఊహించుకున్న 12 మంది పేషెంట్ల వివరాలు వరసగా ఐదుసార్లు డాక్టర్ల మధ్య చేతులు మార్చి చూశారు. ఉత్త నోటిమాటతో అయితే చివరికి మిగిలింది 2.5 శాతం, రాసుకుంటూ వింటే 85.5, ప్రింట్ చేతికిస్తే 99. అది నిజం వార్డు కాదు, ప్రయోగమే, అక్కడ ఎవరి సెలైనూ అయిపోలేదు. కానీ ఉత్త మాట నిలవదని మాకు అనుభవమే కదా. అందుకని ఏడున్నరకి ఒక నొక్కు నొక్కితే వార్డంతా ఏ-ఫోర్ కాగితం మీద రెండు వైపులా వచ్చేలా, ప్రతి పేషెంటు పక్కనా పెన్నుతో రాసుకోడానికి రెండు వేళ్ళ వెడల్పు జాగా ఉండేలా చెయ్యండి. ఆ జాగా గురించి మా కుర్రాళ్ళతో నేను దెబ్బలాడాను, "మేడం, డిజిటల్ చేశాక మళ్ళీ పెన్నేంటి" అని వాళ్ళు. ఆ జాగా లేకపోతే ప్రింటు పక్కన పడేసి మళ్ళీ ఇండెంట్ కాగితం చింపుకుంటారు, అంతే సంగతి. డ్యూటీ అయ్యాక ఆ కాగితాలు చింపెయ్యడానికి ఒక డబ్బా పెట్టండి, వేరుశనక్కాయల పొట్లం అయ్యి బజార్లో తేలకూడదు.

కాగితానికి ఇంకో కారణం మన ఊళ్ళు. వరదలొస్తే కరెంటు పోతుంది, జనరేటరు అందుకునేలోపు రౌటర్ చచ్చి మళ్ళీ లేవాలి. 2022 మే నెలలో అమలాపురం గొడవలప్పుడు కోనసీమలో మొబైల్ నెట్ రోజుల తరబడి ఆపేశారు గుర్తుందా, ఆ జూలైలోనే గోదారి వరద. మీ యాప్ ఎక్కడో క్లౌడ్‌లో ఉంటే ఆ రోజుల్లో సిస్టర్లు ఏం చెయ్యాలి? ఆస్పత్రిలోనే ఒక చిన్న సర్వర్, దానికి యూపీఎస్, వార్డు వైఫై లోపలే నడిచేలా పెట్టండి, నెట్ ఉన్నప్పుడు బయటికి కాపీ వెళ్తే చాలు.

వరస గురించి ఒక ముక్క. సీరియస్ వాళ్ళు ముందు రావాలా, మంచం నంబరు ప్రకారమా అని మీ కుర్రాళ్ళు కొట్టుకుంటారు చూడండి. రెండూ కావాలి. డెస్క్ దగ్గర నిలబడి ముందు ముగ్గురు నలుగురు సీరియస్ వాళ్ళ గురించి రెండు నిమిషాలు చెప్పుకుంటాం, తర్వాత నడిచేది మంచాల వరసలోనే. నడిచేటప్పుడు లిస్టు ఎగిరి గంతులేస్తే ఎవరో ఒకరు మిస్సవుతారు.

ప్రింటులో రాకూడనివి ఉంటాయి, స్క్రీన్ మీద కూడా రాకూడనివి ఉంటాయి. హెచ్‌ఐవీ పాజిటివ్ అనేది బయటపెట్టకూడదని 2017లో వచ్చిన చట్టమే ఉంది. పురుగుమందు తాగిన అమ్మాయి మొగుడి గురించి నాతో చెప్పిన మాట, ఆపరేషన్ అయిన ఆయనకి ఎవరూ చూడకుండా సారా తెచ్చిచ్చే బావమరిది, ఇవి రాత్రి సిస్టరుకి తెలియాలి కానీ రాతలో ఉండకూడదు, మంచం పక్కన గట్టిగా చెప్పకూడదు కూడా. మేం దీనికి చిన్న ఉపాయం చేశాం, పేషెంటు పేరు పక్కన ఒక చుక్క. చుక్క ఉంటే "నోటితో చెప్పాల్సింది ఉంది, పక్కకి రా" అని అర్థం. ఏంటో యాప్‌కి తెలీదు, తెలియనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు "మరి డేటా ఏది మేడం" అన్నాడు. లేకపోవడమే దాని పని బాబూ అన్నాను. వాట్సాప్ గ్రూపులో కేస్ షీట్ ఫోటోలు పెట్టడం ఎలాగూ మాన్పించాలి మీరు, కానీ ఆ గ్రూపు ఒకసారి చదవండి, ఏం అడుగుతున్నారో చూస్తే మీ యాప్‌లో ఏం లేదో తెలుస్తుంది.

డెవలపర్లు మర్చిపోయేది ఇంకోటి సామాన్ల ఓవర్. ఆక్సిజన్ సిలిండర్లు నిండువెన్ని ఖాళీవెన్ని, క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ మందుల బండి) సీలు ఉందా, గ్లూకోమీటర్ ఏ వార్డువాళ్ళు పట్టుకుపోయారు, బీరువా తాళాలు. మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి మత్తుమందుల లెక్క మాత్రం రిజిస్టర్లోనే ఇద్దరి సంతకాలతో ఉండనివ్వండి, దాని జోలికి పోవద్దు. మిగతావి ఒక చిన్న పేజీ చాలు.

ఇప్పుడు మీకు నచ్చని సంగతి చెప్తా, మీ కస్టమర్ మేనేజ్‌మెంటు కాబట్టి. మా మొదటి ఆస్పత్రిలో ఓవర్‌కి ఎవరు ఎన్ని నిమిషాలు తీసుకున్నారు, ఎవరు ఎన్ని బాక్సులు ఖాళీ ఉంచారు అని రిపోర్టు తీసి గోడకి అంటించారు. మర్నాటి నుంచి అన్ని బాక్సులూ నిండాయి. నిండాయి కానీ అందులో నిజం లేదు, "పేషెంట్ కంఫర్టబుల్, నో కంప్లయింట్స్" అని వార్డంతా ఒకటే మాట, ఎందుకంటే రాసింది రేపు తన మీదకే వస్తుందని భయం. "జెర్క్ బద్ధకంగా ఉంది" అని రాస్తే "మరి నువ్వేం చేశావు" అని మెమో వస్తుందంటే ఎవరు రాస్తారు? అందుకని రెండోసారి మేం ముందే షరతు పెట్టాం, ఖాళీ గీతలో రాసింది 24 గంటల తర్వాత పోవాలి, కేస్ షీట్లోకి వెళ్ళాల్సింది మాత్రం కేస్ షీట్లోనే విడిగా రాస్తాం అని. మీ ఆస్పత్రి లాయరు గారు దీనికి ఒప్పుకుంటారో లేదో అడగండి, మా దగ్గర రెండు మీటింగులు పట్టింది. నర్సుల మాట రికార్డవ్వాలనే వాదన కూడా ఉంది, నేను కాదనను, కానీ రెంటినీ ఒకే చోట పెడితే రెండూ చెడతాయి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుందని అడగలేదు మీరు, అడగాల్సింది. ఫారాలు ఎన్ని నిండాయో లెక్కపెట్టొద్దు. దిగిపోయిన సిస్టరుకి ఇంటికెళ్ళాక వచ్చే ఫోన్లు లెక్కపెట్టండి. నేను ఒక నోట్‌బుక్ పెట్టి రెండు వారాలు అందరి చేతా రాయించాను, ఎవరు చేశారు, ఏం అడిగారు అని. అన్నీ మూడు రకాలే: లాస్ట్ డోసు ఎప్పుడిచ్చావు, డాక్టరు గారు ఫోన్లో ఏమన్నారు, ఫలానా రిపోర్టు లేదా రక్తం బ్యాగు ఎక్కడ పెట్టావు. ఈ మూడిటికి జవాబు స్క్రీన్ మీద పడేలా చేశాక ఆ నోట్‌బుక్ పేజీలు పల్చబడ్డాయి, సిస్టర్లకి యాప్ మీద నమ్మకం కుదిరింది కూడా అప్పుడే. నా ట్రైనింగ్ క్లాసుల వల్ల కాదు. బస్సులో కూర్చుని కన్నుమూసేలోపు ఫోన్ మోగకపోతే ఆ సుఖం వేరు.

మీరు ముందు చెయ్యాల్సింది లాప్‌టాప్ మూసి మూడు ఓవర్లు చూడ్డం. పొద్దున్న 8ది ఒక్కటే చూసి వెళ్ళిపోకండి, అప్పుడు మేట్రన్ గారు, పెద్ద డాక్టర్లు ఉంటారు, అందరూ బుద్ధిగా చేస్తారు. రాత్రి 8ది చూడండి, వీలైతే ఆదివారం. ఫోన్ తియ్యకండి, రికార్డు చెయ్యకండి, సిస్టర్ల పక్కన ఊరికే నిలబడి ఏ మాట దగ్గర తీసుకునే ఆవిడ తలెత్తి చూస్తుందో గమనించండి.

చివరగా ట్యాబా ఫోనా. సొంత ఫోన్లు వద్దు, పేషెంట్ల వివరాలు ఇళ్ళకి పోతాయి, పైగా డేటా ఖర్చు ఎవరు పెట్టుకుంటారు. ట్యాబ్ చేత్తో పట్టుకుని నడిస్తే దుప్పటి తియ్యడానికి చెయ్యి ఖాళీ ఉండదు, మాది ఒకటి అలాగే బెడ్‌ప్యాన్ల బకెట్లో పడింది. డ్రెస్సింగ్ ట్రాలీకి స్టాండు బిగించి దాని మీద పెట్టండి, శానిటైజర్ తడి వేళ్ళతో నొక్కినా పట్టేంత పెద్ద బటన్లు, అందరికీ ఒకే పాస్‌వర్డ్ కాకుండా తలా నాలుగంకెల పిన్ను. ట్రాలీ చక్రాలకి మాత్రం నూనె పెట్టించండి, రాత్రి 8కి అది కిర్రుమంటే పిల్లల వార్డంతా లేస్తుంది.